చావు మ్యాచికి వినోదపు పన్ను

మా ఏడో బాయి జనం చావులను వినోదంగా అనుభవిస్తున్నారని బొగ్గులకుంట మున్సిపాలిటీ కనిపెట్టింది. బావిలో బొగ్గుపెళ్ల మీద పడి నలిగి చచ్చినవాళ్లకు గానీ, దుమ్ము మింగి దగ్గి దగ్గి చచ్చినవాళ్లకు గానీ ఈ సంగతి ఎన్నడూ తట్టలేదు. తట్టకపోవడంలో వింతేమీ లేదు. కూలిజనానికి తమ సుఖం ఎక్కడుందో తమకు తెలియదు. ఆఫీసరు వచ్చి చూసి చెప్పాలి.

కనిపెట్టినదాన్ని నోటీసుగా రాసి మా ఫుట్‌బాల్ క్లబ్బు తలుపుకు అంటించి పోయారు. క్లబ్బు అంటే ఏదో ఊహించుకోకండి. ఒక రేకుల గది, దాని ముందు మైదానం, రెండు కొసల్లో ఇనుప పైపుల గోలుపోస్టులు. అంతే. ఏడో నంబరు బొగ్గుబావి మూతపడిననాడు కంపెనీ పీకగలిగిందల్లా పీక్కుపోయింది. పట్టాలు పీకింది, తీగలు పీకింది, ఆస్పత్రి కిటికీలు కూడా పీకింది. గోలుపోస్టులు మాత్రం తుప్పుపట్టాయని వదిలేసింది. మాకు మిగిలిన ఆస్తి అదొక్కటే.

మా ఆచారం ఏమిటో ముందు చెప్పాలి, లేకపోతే మీకు మున్సిపాలిటీ మీద జాలి కలిగే ప్రమాదం ఉంది. ఒకప్పుడు బావిలో పైకప్పు కూలి మా జట్టువాళ్లు నలుగురు ఒకే షిఫ్టులో పోయారు. వాళ్ల దినాల రోజున మిగిలిన ఏడుగురికి ఏడవడం చేతకాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బంతి తీసుకుని మైదానంలోకి దిగారు. అప్పటినుంచి ఏడో బాయిలో ఎవరు పోయినా దినాల నాడు మ్యాచి ఉంటుంది. పోయినవాడి బనీను ఒక కుర్చీకి తగిలించి గోలుపోస్టు పక్కన వేస్తాం. డప్పు మోగుతుంది. ఒక తువ్వాల పరుస్తాం, వచ్చినవాళ్లు ఆ ఇంటికోసం తోచింది అందులో వేస్తారు. ఆట చివర్లో అందరూ పక్కకు తప్పుకుంటారు. గోల్‌కీపరు కూడా తప్పుకుంటాడు. పోయినవాడి భార్యో, తల్లో, బిడ్డో నడిచివచ్చి ఖాళీ గోలులోకి బంతి తంతుంది. దాన్ని పోయినోడి గోలు అంటాం. బంతి లోపలికి పోగానే ఈలలు. ఆ ఈల పడేదాకా మా దగ్గర మనిషి పోయినట్టు లెక్క కాదు.

ఆ ఈల మున్సిపాలిటీ చెవిన పడింది.

అన్నేళ్లూ పడని చెవిన ఇప్పుడే ఎందుకు పడిందంటే నేను చెప్పలేను. మైదానం పక్కనుంచి బైపాస్ రోడ్డు మంజూరు కావడం, ఒక కాంట్రాక్టరు టేపు పట్టుకుని వచ్చి ఇక్కడ ఎన్ని దుకాణాల మడిగెలు పడతాయో కొలుచుకుని పోవడం, నోటీసు రావడం ఒకే నెలలో జరిగాయి. మూడింటికీ సంబంధం ఉందని నేననను. అంటే రుజువులు అడుగుతారు.

నోటీసు ఇలా ఉంది: "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సదరు క్లబ్బు వారు మరణములను పురస్కరించుకొని బహిరంగ క్రీడా ప్రదర్శనలు ఏర్పాటు గావించి, ప్రేక్షకుల ముఖములందు హర్షము కలుగజేసి, తువ్వాల అను సాధనము ద్వారా ప్రవేశ రుసుము వసూలు చేయుచు, నలుబది సంవత్సరములుగా వినోదపు పన్ను ఎగవేసియున్నారు. బకాయి మొత్తము వడ్డీతో సహా చెల్లించని యెడల మైదానము జప్తు చేయబడి బహిరంగ వేలము వేయబడును."

ఆ మొత్తం ఎంతో రాయడం దండుగ. ఏడో బాయి గుడిసెలన్నీ అమ్మి, అందులో ఉన్నవాళ్లను కూడా అమ్మితే సగం తీరుతుంది.

నోటీసు చింపుకుని మా క్లబ్బు కార్యదర్శి ఓదెలు మున్సిపాలిటీకి బయలుదేరాడు. బావిలో బొగ్గు టబ్బులు తోసినవాడు, యూనియన్ గేటు మీటింగుల్లో అరిచి అరిచి గొంతు బొంగురు చేసుకున్నవాడు. వెంట మొగిలి కాకను తీసుకుపోయాడు. తీసుకుపోలేదు, ఆయనే వచ్చాడు. మొగిలి మా పాత గోల్‌కీపరు. ముప్పై ఏళ్లు బావిలో దిగి ఊపిరితిత్తుల నిండా బొగ్గు నింపుకుని బయటికి వచ్చాడు. పది అడుగులు వేస్తే ఒకసారి ఆగి గోడ పట్టుకోవాలి. డాక్టరు ఈ వానాకాలం దాటడం కష్టమన్నాడు. దానికి మొగిలి బాధపడలేదు. ఆయన బాధంతా తన మ్యాచి గురించి. తన గోలును తన భార్య రాజవ్వ తన్నాలి, అదీ ఆ మైదానంలోనే తన్నాలి. అందుకని సాయంత్రాలు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఆమెకు నేర్పుతుండేవాడు. బొటనవేలితో కాదు, పాదం లోపలి పక్కతో తన్నమని. నువ్వు పోయిన బాధల నాకు ఏ పక్కతోని తన్నాల్నో యాదికుంటదా అని ఆమె తిట్టేది, తిట్టుకుంటూనే తన్నేది. మైదానం పోతే ఇదంతా ఏమవుతుంది? మొగిలిని మున్సిపాలిటీ మెట్లెక్కించింది ఈ ప్రశ్నే.

రెవిన్యూ ఆఫీసరు సత్యమూర్తి వాళ్లను కూర్చోమనలేదు. పన్ను బకాయిదార్లకు కుర్చీ ఇవ్వడం బకాయిని ప్రోత్సహించడమే అవుతుందని ఆయన నమ్మకం.

ఓదెలు విషయం చెప్పాడు. అది వినోదం కాదు, ఏడుపు అన్నాడు.

"ఏడుపునకు పన్ను లేదు," అన్నాడు సత్యమూర్తి. "అంత్యక్రియలకు, తత్సంబంధ కర్మకాండలకు సంపూర్ణ మినహాయింపు కలదు. అయితే మీది ఏడుపు అనుటకు ఆధారమేమి?"

"మనిషి సచ్చిపోయిండు గద సారూ."

"మరణము ఒక సంఘటన. దుఃఖము వేరొక సంఘటన. మరణించిన ప్రతి వ్యక్తికీ దుఃఖము కలుగజేయు సామర్థ్యము ఉండునని ప్రభుత్వము భావించజాలదు."

గేటు మీటింగుల్లో ఓదెలుతో ఎవరూ ఇలా మాట్లాడలేదు. అప్పుడు మొగిలి బల్ల పట్టుకుని ఊపిరి కూడదీసుకుని అడిగాడు.

"సారూ, నాకాడ ఇంక ఆర్నెల్లు గూడ లెవ్వు. నా ఒక్క మ్యాచికి పన్నెంతయితదో జెప్పు. పింఛనిల కట్టి పోత. గ్రౌండు మాత్రం అప్పటిదాక ఉంచున్రి."

సత్యమూర్తికి మొదటిసారి వీళ్ల మీద గౌరవం కలిగింది. ముందస్తు చెల్లింపుదారులకు అయిదు శాతం రాయితీ ఉందని, అయితే మరణ తేదీ దరఖాస్తులో స్పష్టంగా పేర్కొనాలని, ఆ తేదీ తప్పితే కట్టిన సొమ్ము వాపసు కాదని చెప్పాడు.

ఓదెలు అప్పీలుకు పోయాడు. వినోదపు పన్ను అప్పీళ్ల ట్రిబ్యునల్ అని ఒకటుంది. దానికి అధ్యక్షుడు భుజంగరావు గారు, రిటైరైన జడ్జి. రిటైరైనా తీర్పులు ఆగక ఇబ్బంది పడుతుంటే ప్రభుత్వం ఈ కుర్చీ చూపించింది. ఆయన ఇరుపక్షాల వాదనా విని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చాడు. మ్యాచి దుఃఖంతో జరిగితే పన్ను లేదు. వినోదంతో జరిగితే పన్ను ఉంది. ఏది జరిగిందో మున్సిపాలిటీయే స్వయంగా పరిశీలించి నిర్ధారించాలి. ఇంట్లో దొంగతనం జరిగిందో లేదో దొంగనే చూసి చెప్పమన్నట్టు.

మున్సిపాలిటీలో వెంటనే దుఃఖ నిర్ధారణ విభాగం వెలిసింది. కొత్త ఉద్యోగాలకు డబ్బు లేదు కాబట్టి వినోదపు పన్ను ఇన్‌స్పెక్టరు పురుషోత్తాన్నే దుఃఖ ఇన్‌స్పెక్టరుగా కూడా వేశారు. సినిమా హాళ్ల దగ్గర నవ్వేవాళ్లను పట్టుకోవడం ఆయన పాత పని. మా దగ్గర ఏడవనివాళ్లను పట్టుకోవడం కొత్త పని. మనిషి మంచివాడే, కాకపోతే పుస్తకంలో రెండే గళ్లున్నాయి, ఒకటి దుఃఖం, ఒకటి వినోదం. మనుషుల మొహాలు మాత్రం ఏ ఒక్క గడిలోనూ ఇమిడేవి కావు.

నియమాలు అచ్చువేసి పంచారు. డప్పు కూడదు. ఈల కూడదు. చప్పట్లు కూడదు. ఆటగాళ్లు తల వంచుకుని ఆడాలి. ప్రేక్షకుల్లో రక్తసంబంధీకుల దుఃఖానికి పూర్తి మినహాయింపు, మేనరికానికి సగం.

ఆ నియమాల కింద మొదట పోయింది గట్టయ్య. బతికినన్నాళ్లు పక్కవాణ్ని ఆటపట్టించకుండా ముద్ద దిగని మనిషి. అతని దినాల నాడు ఏడో బాయంతా మైదానం చుట్టూ చేరి శ్మశానంలో కూడా లేనంత నిశ్శబ్దంగా నిలబడింది. బంతి తన్నిన చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. రెఫరీ ఓదెలుకు ఈల లేదు కాబట్టి చేతిరుమాలు ఊపాడు. తల వంచుకున్న ఆటగాళ్లకు చేతిరుమాలు కనిపించదు కాబట్టి వాళ్లు ఆడుతూనే ఉన్నారు. తలలు వంచుకుని పరుగెత్తి ఒకరినొకరు గుద్దుకుని పడి, లేచి, దుఃఖంగా మళ్లీ గుద్దుకున్నారు. విరామం వచ్చిందని కొందరు మంచినీళ్లకు పోతే మిగిలినవాళ్లు ఆట సాగించారు. గట్టయ్య బావమరిది కళ్లనిండా నీళ్లతో ఏమీ కనిపించక బంతిని సొంత గోలులోకి కొట్టాడు. అప్పుడు గట్టయ్య తల్లి, పళ్లు లేని ముసలామె, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వాడుంటె ఇయ్యాల నవ్వి నవ్వి సచ్చేటోడు," అంది.

ఇంక ఆపడం ఎవరి తరం. మైదానమంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. పురుషోత్తం రాసుకున్నాడు.

నవ్వినవాళ్లకు పన్ను పడింది. అది మేం ఊహించిందే. ఏడ్చినవాళ్లకు కూడా పడింది. ఎందుకని ఓదెలు పోయి అడిగితే సత్యమూర్తి ఓపికగా వివరించాడు. రక్తసంబంధం లేని వ్యక్తి ఏడవవలసిన అవసరం లేదు. అవసరం లేకపోయినా ఏడ్చాడంటే ఇష్టపడి ఏడ్చాడన్నమాట. మనిషి ఇష్టపడి చేసేదేదైనా వినోదమే. కాబట్టి పరాయివాడి చావుకు ఏడవడం రెట్టింపు పన్నుకు అర్హమైన వినోదం.

ఏడో బాయిలో రక్తసంబంధం ఎవరికి ఎవరితో ఉంది? ఎక్కడెక్కడి పల్లెల నుంచో బొగ్గు కోసం వచ్చిపడిన జనం. బావిలోకి ఒకే ఇనుప పంజరంలో దిగాం, ఒకే పంజరంలో పైకి వచ్చాం. రానివాళ్లను మోసుకొచ్చాం. దీన్ని పురుషోత్తం పుస్తకంలో ఏ గడిలో రాస్తారో కనుక్కోమని ఓదెలును మళ్లీ ట్రిబ్యునల్‌కు పంపాం.

భుజంగరావు గారికి విసుగొచ్చింది. కాగితాల మీద దుఃఖం తేలదని, న్యాయస్థానం స్వయంగా చూడాలని అన్నాడు. ట్రిబ్యునల్ సమక్షంలో ఒక నమూనా చావు మ్యాచి జరపమని ఆదేశించాడు. అన్నీ ఆచారం ప్రకారమే ఉండాలి, డప్పుతో సహా.

ఒక చిన్న చిక్కు వచ్చింది. ఆ సమయానికి ఎవరూ చావలేదు. వాయిదా అడిగితే ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. మున్సిపాలిటీ నుంచి క్లబ్బుకు తాఖీదు వచ్చింది: "నమూనా ప్రదర్శన నిమిత్తము తగిన మృతుని నిర్ణీత గడువులోగా సమకూర్చుకొనవలెను. లేని యెడల క్లబ్బు వారి వాదనలో పస లేదని భావించి మైదానము స్వాధీనపరచుకొనబడును." ఆ తాఖీదు చదివి వినిపించాక మా పేటలో ముసలివాళ్లు కొన్నాళ్లు బయటికి రావడం మానేశారు. దగ్గు వస్తే దిండులో మొహం పెట్టుకుని దగ్గారు.

మొగిలి మాత్రం గోడ పట్టుకుంటూ క్లబ్బుకు వచ్చాడు.

"నేనున్న గద ఓదెలూ. ఇయ్యాలగాకుంటె రేపు. రాసుకోమను."

రాజవ్వ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

బతికున్న మనిషిని మృతుడిగా కూర్చోబెట్టడానికి చట్టంలో వీలుందా అని సందేహం వచ్చింది. మున్సిపాలిటీకి వీలు కానిదంటూ లేదు. కేసు నిమిత్తం మాత్రమే చెల్లే తాత్కాలిక మరణ ధ్రువపత్రం ఒకటి మొగిలి పేర పుట్టింది. మా బొగ్గులకుంటలో ఒక ఆఫీసు సంగతి ఇంకో ఆఫీసుకు తెలియడానికి ఒక తరం పడుతుంది. ఈ ఒక్క సంగతి మాత్రం సాయంత్రానికల్లా పింఛను ఆఫీసుకు తెలిసింది, మొగిలి పింఛను ఆగింది. రాజవ్వకు వితంతు పింఛను రాయమని ఓదెలు దరఖాస్తు పెడితే విచారణకు వచ్చిన గుమాస్తా, భర్త వాకిట్లో చాయ తాగుతూ కనిపించినందున తిరస్కరించడమైనది అని రాసి పోయాడు. ఆ చాయ అతనికి కూడా రాజవ్వే పోసింది.

నమూనా రోజు వచ్చింది. షామియానా కింద ట్రిబ్యునల్ సోఫాల్లో కూర్చుంది. మున్సిపల్ కమిషనరు గారు, సత్యమూర్తి, పుస్తకంతో పురుషోత్తం పక్కన కూర్చున్నారు. గోలుపోస్టు పక్కన కుర్చీలో ఖాళీ బనీనుకు బదులు బనీను వేసుకున్న మొగిలి కూర్చున్నాడు. మృతుడు కదలరాదని, ఆటపై అభిప్రాయాలు వెలిబుచ్చరాదని సత్యమూర్తి ముందే హెచ్చరించాడు. మొగిలి సరే అన్నాడు. కానీ గోల్‌కీపరు మనసు చావు పత్రాన్ని లెక్కచేస్తుందా? ఆట మొదలయ్యాక కాసేపు పళ్లు బిగపట్టాడు. తరవాత ఎడమ పక్క వదిలేసిన కుర్రజట్టును చూసి ఉండబట్టలేక, "ఎడమకు, ఎడమకు, కండ్లు దొబ్బినయా," అని కేకపెట్టాడు. మృతుడు న్యాయప్రక్రియకు భంగం కలిగిస్తున్నాడని సత్యమూర్తి అభ్యంతరం లేవదీశాడు. భుజంగరావు గారు ఆయన్ను కూర్చోమన్నాడు. ఎడమ పక్క ఎందుకు వదిలేశారో ఆయనకు కూడా అర్థం కాలేదు.

ఆట చివరికి వచ్చింది. అందరూ తప్పుకున్నారు. బంతి గోలు ముందు పెట్టి రాజవ్వను పిలిచారు. ఆమె కదల్లేదు. ట్రిబ్యునల్ గుమాస్తా మళ్లీ పిలిచాడు. సత్యమూర్తి దగ్గరికి వెళ్లి, ఆమె తన్నకపోతే ఆచారం అసంపూర్ణం, అసంపూర్ణమైతే కేసు పోయినట్టే, కేసు పోతే మైదానం పోయినట్టే అని విడమరచి చెప్పాడు.

"బతికున్న మొగనికి నేను తన్న," అంది రాజవ్వ. "గ్రౌండు వోతె పోనీ."

మైదానం నిజంగా పోతుందని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. ఓదెలు తల పట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. డప్పు కొట్టేవాళ్లు డప్పులు కింద పెట్టారు.

మొగిలి కుర్చీలోంచి లేచాడు.

"ఆమె తన్నది సారూ. నన్ను తన్ననియ్యి. పుట్టినకాన్నుంచి ఆపుడేగాని ఒక్క గోలు కొట్టలే."

భుజంగరావు గారు చట్టం ఏమంటుందోనని అటూ ఇటూ చూశాడు. ఎవరికీ తెలియదు. మొగిలి అప్పటికే నడుస్తున్నాడు. పోస్టు పట్టుకుని ఆగాడు. మళ్లీ నడిచాడు. ఆగాడు. బంతి దాకా వచ్చేసరికి ఛాతీ పిల్లిలా కూస్తోంది. మైదానంలో ఒక్కడూ ఊపిరి తీసుకోలేదు, ఉన్న గాలంతా ఆయనకే వదిలేసినట్టు. తన్నాడు. బంతి గోలుపోస్టు లోపలి అంచుకు తగిలి గీత మీద ఆగి, ఆలోచించి, లోపలికి దొర్లింది.

డప్పులు మోగాయి. మేమంతా ఈలలు వేశాం, ఏడ్చాం. అది మామూలే. మామూలు కానిది ఏమిటంటే, రిటైర్డు జడ్జి భుజంగరావు గారు సోఫా మీద లేచి నిలబడి కళ్లజోడు కింద పడింది కూడా చూసుకోకుండా రెండు చేతులెత్తి చప్పట్లు కొట్టాడు. పక్కనున్న ట్రిబ్యునల్ సభ్యుడు నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేశాడు.

మేం గెలిచామనుకున్నాం. మనసున్న మనిషి చూశాడు, ఇంకేం కావాలి అనుకున్నాం. అదే మా తెలివితక్కువ.

తీర్పు వచ్చింది. చావు మ్యాచి సదరు ప్రాంత ప్రజల అంత్యక్రియల్లో విడదీయరాని భాగమని నిస్సందేహంగా రుజువైంది. అదే మ్యాచి తీవ్రమైన వినోదం కలిగిస్తుందని కూడా రుజువైంది, ఎందుకంటే ట్రిబ్యునల్ స్వయంగా ఆ వినోదానికి లోనైంది. విడదీయరాని భాగం వినోదమైతే మొత్తం వినోదమే. కాబట్టి ఏడో బాయి పరిధిలో జరిగే అంత్యక్రియలు సమస్తమూ వినోద కార్యక్రమాల కిందికి వస్తాయి. బకాయి వసూలు చేసుకునే హక్కు మున్సిపాలిటీకి ఉంది. ఆయన మనసును ఆయనే సాక్ష్యంగా మా మీదికి తోలాడు.

మర్నాడు మైదానానికి ముళ్లకంచె వేసి, గేటుకు తాళం వేసి, లక్క ముద్ర కొట్టారు. లోపల కాంట్రాక్టరు ఇసుక పోయించాడు. మొగిలి గేటు దాకా వచ్చి కాసేపు నిలబడి చూసి పోయాడు. రాజవ్వ మైదానం వైపు మొహం పెట్టలేదు. ఆనాడు నేను తన్నకపోతినే అని మాత్రం చాలాసార్లు అంది. అప్పుడల్లా మొగిలి, నువ్వు తన్నకుండుడే మంచిగైంది, నీ వంతు నీకుంది అనేవాడు. ఎక్కడ తన్నాలో మాత్రం చెప్పేవాడు కాదు.

వాన పట్టిన మూడోనాడు మధ్యాహ్నం, అన్నం తిని పడుకుని, మొగిలి పోయాడు.

చావు రాయించడానికి ఓదెలు మున్సిపాలిటీకి పోయాడు. సత్యమూర్తి రికార్డు చూసి తల అడ్డంగా ఊపాడు.

"మొగిలి అను వ్యక్తి ఇదివరకే మరణించియున్నారు. ఒక వ్యక్తి రెండు పర్యాయములు మరణించుటకు నిబంధనలలో వీలు లేదు."

"అది కేసు కోసం రాసిందే గద సారూ."

"రద్దు చేయించుకొనవలసి యుండెను. రద్దు కొరకు మృతుడు స్వయముగా హాజరు కావలెను."

"మల్ల మా పేటల పండవెట్టింది ఎవల్ని?"

సత్యమూర్తి నిబంధనల పుస్తకం తిరగేశాడు. పేరు రికార్డుతో సరిపోని శవాన్ని గుర్తు తెలియని మృతదేహం అంటారని చెప్పాడు. అలా చెప్పగలిగినందుకు ఆయన మొహంలో కొంచెం వెలుగు కూడా వచ్చింది.

మేమైతే బల్ల తిరగేసేవాళ్లం. ఓదెలు యూనియన్ మనిషి, మూతపడిన బావికి బోనసు సంపాదించినవాడు. చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి, గుర్తు తెలియని శవానికి దినాలు ఎవరు చేయాలని అడిగాడు. మున్సిపాలిటీయే చేయాలి, ఆ ప్రాంతపు సకల ఆచారాలతో, మున్సిపాలిటీ ఖర్చుతో అన్నాడు సత్యమూర్తి. ఆ మాట రాసి ముద్ర వేసి ఇమ్మన్నాడు ఓదెలు. నిబంధన చదివిన ఆనందంలో ఉన్న ఆఫీసరు ముద్ర వేయనంటాడా? వేశాడు.

ఆ కాగితాన్ని, ట్రిబ్యునల్ తీర్పును పక్కపక్కన పెట్టుకుని ఓదెలు కమిషనరు ముందు నిలబడ్డాడు. చావు మ్యాచి అంత్యక్రియల్లో విడదీయరాని భాగమని ట్రిబ్యునల్ అంది. అంత్యక్రియలు చేయాల్సింది మున్సిపాలిటీ. చేయకపోతే ట్రిబ్యునల్ ధిక్కారం. అప్పుడు కమిషనరు, సత్యమూర్తి వైపు చూసిన చూపు గురించి ఆ ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ ముద్ర ముద్రే. మొగిలిని మున్సిపాలిటీ బండి మీద తీసుకుపోయి మట్టి చేశారు. దినాల నాటికి లక్క ముద్ర పగలగొట్టి గేటు తీశారు. కాంట్రాక్టరు ఇసుకను కాంట్రాక్టరు చేతే తోడించి కంచె పక్కన కుప్ప పోయించారు. "గుర్తు తెలియని మృతుని దినకర్మ సందర్భముగా ఫుట్‌బాల్ పోటీ, నిర్వహణ: బొగ్గులకుంట పురపాలక సంఘము" అని బ్యానరు కట్టారు.

బ్యానరు కింద కుర్చీలో మొగిలి బనీను. గుర్తు తెలియని మృతునికి బనీను ఎలా వచ్చిందని పురుషోత్తం అడగబోయి, ఎందుకో అడగలేదు.

ఆట అయింది. అందరూ తప్పుకున్నారు. రాజవ్వ లేచి కొంగు నడుముకు దోపుకుంది. సత్యమూర్తి మైకులో అడ్డుపడ్డాడు. మృతుడు గుర్తు తెలియనివాడు కావున బంధువులు ఉండే అవకాశం లేదని, మృతునికి సంరక్షకులు మున్సిపాలిటీ కావున ఆ స్థానంలో కమిషనరు గారు బంతి తన్నుతారని ప్రకటించాడు. ఆవిడ ఎవరో దారినపోయే వ్యక్తి అని, దయచేసి కూర్చోవాలని కోరాడు.

కమిషనరు గారు వచ్చాడు. మెరుగు పెట్టిన బూట్లు. ఖాళీ గోలు. గోల్‌కీపరు లేడు, అడ్డం ఎవరూ లేరు, గాలి కూడా లేదు. పరుగెత్తుకుంటూ వచ్చి తన్నాడు. బంతి పోస్టుకు బారెడు దూరంగా పోయి ఇసుకకుప్పలో పడింది.

మైదానంలో ఒక్కరూ నవ్వలేదు. పన్నుకు భయపడి కాదు. నవ్వడానికి కూడా మనిషిలో కొంత సరుకుండాలి.

రాజవ్వ పోయి ఇసుకలోంచి బంతి తెచ్చుకుంది. సత్యమూర్తి ఎదురువచ్చి, అమ్మా మీరు మృతునికి ఏమగుదురు అని అడిగాడు. ఆమె ఆయన్ను చుట్టి నడిచిపోయింది, దారిలో రాయిని చుట్టిపోయినట్టు. బంతి గోలు ముందు పెట్టింది. చెప్పులు విడిచింది. తన్నింది.

అది గొప్ప తన్నేం కాదు. బంతి పచ్చి నేల మీద మెల్లగా, చాలా మెల్లగా దొర్లి, గీత దాటింది.

ఇంక డప్పులను ఎవరు ఆపుతారు, ఈలలను ఎవరు ఆపుతారు. బ్యానరు ఎవరు పీకారో తెలియదు. నిర్వాహకులు మున్సిపాలిటీ కాబట్టి ఆ వినోదానికి పన్ను నోటీసు పురుషోత్తం మున్సిపాలిటీకే ఇవ్వాల్సి వచ్చింది. మున్సిపాలిటీ కట్టలేదు. మున్సిపాలిటీ మీద మున్సిపాలిటీ వేసిన కేసు ఇప్పటికీ నడుస్తోంది. అది తేలేదాకా మైదానంలో మడిగె కట్టడానికి వీల్లేదు. తేలదు కూడా, రెండు వైపులా వాళ్లే వాదిస్తున్నారు. ఇదంతా తరవాతి సంగతి.

ఆ సాయంత్రం మాత్రం పురుషోత్తం పుస్తకం తెరిచి పట్టుకుని రాజవ్వ దగ్గరికి వచ్చాడు. ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఉంది, ఒళ్లో బనీను ఉంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి, మొహం మీద నవ్వూ ఉంది. ఆయన కలం ఒక గడి మీద పెట్టి తీశాడు, ఇంకో గడి మీద పెట్టి తీశాడు. చివరికి ఆఫీసు భాష వదిలేసి, ఏమని రాయనమ్మా అని అడిగాడు.

రాజవ్వ గోలులో ఆగిన బంతి వైపు చూసింది.

"గంత మెల్లగ వోయింది సారూ," అంది. "ఆయనుంటె ఆపేటోడు."